రంగు పోలేదు, వెనక నలుపు పెట్టి చూడండి

అమెరికా రాష్ట్రం ఒరెగాన్‌లోని యూజీన్‌లో మీరు కొన్న, పొగ తాగే గాజు పైపు కొట్లో నీలంగా మెరిసి, ఇంటి కిటికీలో పెట్టగానే పసుపు తిరిగిందన్నారు. మోసపోలేదండీ, కంగారు పడకండి. అది పూసిన రంగు కాదు. మంటలో వెండిని ఆవిరి చేసి ఆ పొగ గాజుకి పట్టిస్తారు. వెలుతురు ఆ పలచటి పొర గుండా వస్తే పసుపు, వెనక చీకటుంటే నీలం. బంగారమైతే గులాబీ ఛాయ. లోపల మసి పట్టేకొద్దీ రంగు ముదిరేదీ ఇందుకే. ఈ పద్ధతికి పేరు తెచ్చిన గాజు పనివాడు బాబ్ స్నాడ్‌గ్రాస్, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం కచేరీల వెంట ఊరూరా తిరిగి పైపులమ్మి, చివరికి యూజీన్‌లోనే స్థిరపడ్డాడు.

కిటికీలోంచి తీసి నల్లగుడ్డ ముందు పెట్టండి, వెలుతురు ఎదుటి నుంచి పడాలి. పీచుతో మాత్రం తోమకండి, పొర పైనే ఉంటే గీరుకుపోతుంది.