చిన్నీ, ఆ కుంగ్‌ఫూ ఎపిసోడ్ తీసే ముందు ఇది చదువు

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీ వెబ్ సిరీస్‌లో ఒక ఎపిసోడ్ మొత్తం కుంగ్‌ఫూ సినిమాల మీద పేరడీ తీస్తున్నావంట, డైరెక్షనూ నువ్వే, కోడలి వేషమూ నువ్వే, ఫైట్లూ నువ్వేనంట. పొద్దున్నంతా పక్కింటావిడకీ కూరగాయలబ్బాయికీ చెప్పుకుని మురిసిపోయా, రాత్రి మాత్రం కన్ను మూతపడలా. వాయిస్ మెసేజ్ పెడితే స్పీడ్ పెంచి వింటావ్, నాకు తెలుసు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. ఓపిగ్గా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఫ్లాట్ ఓనర్ దగ్గర పర్మిషన్ కాగితం మీద తీసుకో. నేల మీద నీళ్ళూ నూనే లేకుండా చూసుకో. అన్నం తినగానే ఫైట్ పెట్టకు. దగ్గర్లో రాత్రంతా తెరిచుండే హాస్పిటల్ ఏదో ముందే కనుక్కో, ఒక కారు, తాగని డ్రైవరు రెడీగా ఉండాలి. అంతే.

ఇంక స్క్రిప్ట్. మీ అమ్మ పంపితే చదివా (నువ్వు నాకు పంపలేదు, సర్లే అది తర్వాత మాట్లాడుకుందాం). వాచ్‌మన్ రహస్యంగా కుంగ్‌ఫూ గురువు, కోడలు ఆయన దగ్గర అట్లకాడ విద్య నేర్చుకుని అత్తగారి మీదకి వెళ్తుంది. బావుంది, విలన్ మళ్ళీ అత్తే అయినందుకు నేనేం అనుకోనులే. కానీ సగం దాటాక నీకు భయమేసినట్టుంది, చీపురు తెచ్చావ్, పప్పుగుత్తి తెచ్చావ్, కుక్కర్ మూత తెచ్చావ్. ఎందుకమ్మా? అట్లకాడ ఒక్కటి చాలు. ఇంగ్లండ్‌లో గూడీస్ అని ముగ్గురు కలిసి చేసిన కామెడీ షో ఉండేది, బీబీసీలో. బ్రూస్ లీ 1973లో పోయాక కూడా అక్కడ కుంగ్‌ఫూ పిచ్చి తగ్గలా, 1975 మార్చి 24న వాళ్ళు కుంగ్‌ఫూ కేపర్స్ అని ఒక ఎపిసోడ్ వేశారు. ముగ్గురిలో బిల్ ఆడీ అని ఒకాయన, ఇంగ్లండ్ ఉత్తరాన లాంకషైర్ అనే ప్రాంతం వైపువాడు. ఆ ఎపిసోడ్‌లో మా లాంకషైర్‌లో కుంగ్‌ఫూని మించిన ప్రాచీన విద్య ఉందంటాడు. ఆయుధం ఏంటంటే బ్లాక్ పుడ్డింగ్, అంటే పంది రక్తం, కొవ్వు, ధాన్యం కలిపి పేగులో కూరి ఉడికించే సాసేజ్, అక్కడ పొద్దున్న టిఫిన్‌లోకి తినేది. దాంతో నెత్తి మీద కొడితే ఎంతటి వీరుడైనా ఢామ్మని పడిపోవాల్సిందే. ఒక్కటే ఆయుధం, వాళ్ళ ఊరి తిండి, దాన్ని మహా విద్యలాగా సీరియస్‌గా పట్టుకున్నారు, అదీ కిటుకు.

ఆ ఎపిసోడ్ చూస్తూ కింగ్స్ లిన్ అనే ఊళ్ళో ఒక తాపీమేస్త్రి నవ్వీ నవ్వీ సోఫాలోనే గుండె ఆగి పోయాడు. నిజంగానే. ఒకడు బ్యాగ్‌పైపు పట్టుకుని బ్లాక్ పుడ్డింగ్‌తో యుద్ధం చేసే సీను దగ్గర మొదలైందట ఆ నవ్వు. వాళ్ళావిడ తర్వాత ఆ ముగ్గురికీ ఉత్తరం రాసింది, తిట్టడానికి కాదు, మా ఆయన చివరి నిమిషాలు అంత సంతోషంగా గడిపినందుకు థాంక్స్ చెప్పడానికి. ఆవిణ్ణి తలుచుకున్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, ఎందుకో.

నీ ఫైట్ కూడా అలాగే ఉండాలి, కోడలు మొహంలో నవ్వు అస్సలు కనపడకూడదు. నవ్వేది జనం, నువ్వు కాదు. హాంకాంగ్ వాళ్ళ పద్ధతి చూడు, షా బ్రదర్స్ అని అక్కడి పాత స్టూడియో, వాళ్ళ సినిమాలు పెట్టుకుని సౌండ్ తీసేసి చూడు. ఫ్రేములో తల నుంచి పాదం దాకా మొత్తం మనిషి కనపడతాడు, దెబ్బ ఎక్కణ్ణించి బయల్దేరి ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. గురువు కళ్ళ మీదకి దబ్బున జూమ్ వెళ్తుంది. గెడ్డం నిమురుకోవడం, చెయ్యి విదిలిస్తే చాలు గాల్లో బుస్సుమని చప్పుడు, ఇవన్నీ నువ్వు ముందు శుద్ధంగా, వాళ్ళు చేసినట్టే చెయ్యాలి, ఆ తర్వాతే పాడుచెయ్యాలి. ఫైట్ రానివాడు ఫైట్‌ని వెక్కిరిస్తే అది పేరడీ కాదు, తన్నులాట. ఇంకోటి, అప్పట్లో వాళ్ళు చాలా సినిమాలు సౌండ్ లేకుండా తీసేసి తర్వాత డబ్బింగ్ చెప్పించేవాళ్ళు, అవి మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి మాట ఆగిపోయినా పెదాలు ఆడుతూనే ఉండేవి. వాచ్‌మన్ తాతకి ఆ జోక్ వాడుకో, భలే పేలుతుంది. కానీ చైనా వాళ్ళ భాషని చింగ్ చాంగ్ అని వెక్కిరిస్తూ రాసిన ఆ రెండు డైలాగులున్నాయే, అవి తీసెయ్. సినిమాని ఆటపట్టించు, మనుషుల్ని కాదు. ఎవరన్నా మన తెలుగుని అలా చేస్తే నువ్వే ముందు పోస్టు పెడతావ్.

మీ నాన్నకీ ఈ పిచ్చి తెలుసా నీకు? వీసీఆర్ అద్దెకి తెచ్చి ఎంటర్ ది డ్రాగన్ చూపించారు వీధిలో. తెల్లారేసరికి వీడు మా నాన్న గొడుగు కర్ర రెండు ముక్కలు కోసి సైకిల్ చైనుతో కలిపి నాన్‌చాక్ చేశాడు, తిప్పాడు, ట్యూబ్‌లైటు పగిలింది, ఆ వెంటనే నుదురు పగిలింది. కనుబొమ్మ పైన ఉన్న మచ్చ అదే, నీకు చిన్నప్పుడు క్రికెట్ బాల్ తగిలిందని చెప్పాడు కదూ.

సరే, నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెప్తా. జెమినీలో అమృతం ఆడుతున్న రోజులు, అందరికీ కామెడీ కావాలి. నేనో వారపు కామెడీకి అసోసియేట్‌ని, ఎడిటింగ్ రూములో కూడా నేనే కూర్చునేదాన్ని. ఆ డైరెక్టర్‌కి కుంగ్‌ఫూ ఎపిసోడ్ తీయాలని కోరిక పుట్టింది. ఫైట్ మాస్టర్‌ని పెట్టుకోవడానికి డబ్బుల్లేవ్, ఒక ఫైటర్ కుర్రాణ్ణి మాత్రం తెచ్చారు, సన్నగా చువ్వలా ఉండేవాడు, వెనక్కి ఎగిరి పడ్డాడంటే చూడాలి. టీపాయ్ మీద పడి దాన్ని విరగ్గొట్టాలి. ఆర్ట్ వాళ్ళు పైన థర్మాకోల్ పెట్టి, కాళ్ళు సగం కోసి, టేకు రంగేసి ఒక టీపాయ్ చేశారు. ఒక్కటే చేశారు. రాత్రయింది, అందరికీ నడుములు పడిపోతున్నాయి, షాట్ తీశాం, ఎంత బాగా వచ్చిందంటే కెమెరామన్ భుజాలు ఊగిపోయాయి నవ్వుకి. డైరెక్టర్ మానిటర్ దగ్గర్నించి లేవకుండానే "సేఫ్టీకి ఇంకోటి చేద్దాం" అన్నాడు. డమ్మీ లేదు సార్ అంటే, ఇంటి ఓనర్ టీపాయ్ ఉందిగా, దాని పక్కన పడమనండి, కోణంలో కవర్ అవుతుంది అన్నాడు. అది నిజం టేకు. కుర్రాడు చెమట తుడుచుకుని సరే సార్ అన్నాడు, వాళ్ళెప్పుడూ సరే సార్ అనే అంటారు, కాదంటే రేపు పిలవరు. ఎగిరాడు, పక్కన పడలేదు, అంచు మీద పడ్డాడు.

లేచాడు. బొటనవేలు చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టీ ఇస్తే ఎడమ చేత్తో గ్లాసు పట్టుకున్నాడు, కుడి చెయ్యి పక్కలకి అదిమి పెట్టుకుని, ఊపిరి కొంచెం కొంచెంగా పీలుస్తూ. ఆస్పత్రికి పోదాం పద అంటే ఏం లేదు మేడం అన్నాడు, తెల్లారుజామున వాడి రూమ్మేట్ ఫోన్ చేశాడు. పక్కటెముకలు విరిగాయి. ప్రొడక్షన్ వాళ్ళు కొంత డబ్బు పంపి తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. వాడు మళ్ళీ ఫైట్లకి రాలేదు, ఎవరో వ్యాన్ డ్రైవర్‌గా చూశామన్నారు. ఎపిసోడ్‌లో వేసింది ఏ షాటో తెలుసా, మొదటిదే. రెండోది ఎడిట్‌లో ముట్టుకోను కూడా లేదు, అవసరమే లేదు.

మనం అంటే చిన్నవాళ్ళం అనుకో, జాకీ చాన్ సంగతి చూడు. చిన్నప్పట్నించి పెకింగ్ ఓపెరా (పాటలూ గంతులూ కలిసిన చైనా నాటకం) నేర్పే స్కూల్లో వొళ్ళు విరుచుకున్నవాడు. 1986లో వచ్చిన ఆర్మర్ ఆఫ్ గాడ్ కోసం యుగోస్లావియాలో చెట్టుకొమ్మ మీదకి దూకే షాట్ చేశాడు, మొదటిసారి బాగానే వచ్చింది, నచ్చక మళ్ళీ దూకాడు, కొమ్మ విరిగి తల రాయికి తగిలి పుర్రె పగిలింది, ఆపరేషన్ చేసి బతికించారు.

అందుకని నువ్వు ఫైట్ మాస్టర్‌కి డబ్బులు పెట్టు, కాస్ట్యూమ్స్‌లో తగ్గించుకో. డమ్మీ సామాను ప్రతిదీ రెండేసి చేయించు, అవి అయిపోతే ఆ షాట్ అయిపోయినట్టే. అట్లకాడ ఇనపది దగ్గరికి కూడా రానివ్వకు, రబ్బరుతో చేయించి వెండి రంగు వేయించు, మామూలు అట్లకాడ అంచు కంటికి తగిలితే కన్ను పోతుంది. నువ్వు ఎగిరేవి నువ్వు ఎగరకు, డూప్‌ని పెట్టుకో, నీ జుట్టు అడ్డం పెట్టి వెనకనించి తీస్తే ఎవరికీ తెలీదు. అలిగావా? అలుగు. ఆరో క్లాసులో నువ్వు డాన్సు ప్రోగ్రాంలో స్టేజి మీంచి జారి, లేచి, స్టెప్పు మర్చిపోకుండా పూర్తి చేసి, లోపలికొచ్చి నా వొళ్ళో పడి ఏడ్చిన పిల్లవి. పైకి బొటనవేలు చూపించే రకం నువ్వు కూడా, అదే నా భయం.

డైరెక్టర్ కుర్చీలో కూర్చున్న నిన్ను చూడాలని మాత్రం చాలా ఉంది తల్లీ. షూటింగ్ తేదీ పెట్టు, నేనొస్తా. మానిటర్ వెనక కుర్చీ వేయించు, మోకాళ్ళు నిలబడనివ్వట్లేదు. నోరు మూసుకుని కూర్చుంటానని మాత్రం మాటివ్వను.

మీ అత్త