ఏప్రిల్‌లో గ్రానైట్ మౌంటెన్: పదింటికి బయల్దేరితే చాలా ఆలస్యం

శనివారం ఎండ కాస్తుంది, మంచు జారిపడే ప్రమాద స్థాయి "మోడరేట్" (అయిదు స్థాయిల్లో రెండోది) అంటున్నారు, పదింటికి బయల్దేరవచ్చా అని అడిగారు. వద్దండీ. సియాటిల్ దగ్గరి ఈ కొండ వేసవి దారి దక్షిణం వైపు వాలులో మంచు పెద్ద ఎత్తున ఒక్కసారిగా జారిపడే (అవలాంచ్) లోయను దాటుతుంది. వసంతంలో అక్కడ ఎండే అసలు ప్రమాదం.

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు గట్టిగా గడ్డకడుతుంది. మబ్బు పడితే వేడి పైకి పోదు, కాబట్టి ఉష్ణోగ్రత సున్నాకి దగ్గర్లో ఉన్నా మంచు సరిగా బిగుసుకోదు. అలాంటి రోజు వెళ్లకపోవడమే మేలు. బిగుసుకుంటే తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, వాలు మెత్తబడేలోపు దిగిపోయేలా లెక్క వేసుకోండి. ఎండ ముందు తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, చివరికి పడమటిని కరిగిస్తుంది.

గడియారం కన్నా కాలినే నమ్మండి. బూటు చీలమండ దాటి దిగబడుతున్నా, మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా వెనక్కి తిరగాల్సిందే. తడి మంచు మెల్లగా జారినా, ఆగగానే సిమెంటులా బిగుస్తుంది.

లోయలోకి దిగకుండా చెట్ల మధ్య శిఖరపు గట్టు మీదుగా ఎక్కండి. 30 డిగ్రీలు దాటిన వాలు తప్పనిసరైతే ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తుండాలి. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లను కనిపెట్టడానికి సంకేతాలు పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఫోన్‌ని నడిచేటప్పుడు బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, ఎవరినైనా వెతికేటప్పుడు కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, లేకపోతే సంకేతం చెడుతుంది.