బంధం తెగకుండానే వెలుగు రంగు మారుతుందా?

లోహ సంక్లిష్టంలో (లోహ పరమాణువు చుట్టూ ఇతర అణువులు లేదా అయాన్లు అతుక్కున్న పదార్థంలో) ఒక్క సమయోజనీయ బంధం, అంటే ఎలక్ట్రాన్లను పంచుకొని ఏర్పడే బంధం, కూడా తెగకుండా అది వెదజల్లే వెలుగు రంగు మారడం సాధ్యమేనా అని మీరు అడిగారు. సాధ్యమే, అయితే నేను కూడా కళ్లారా చూసేదాకా నమ్మలేదు.

నల్లగొండలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, కాపర్ అయొడైడ్‌ను గాఢమైన పొటాషియం అయొడైడ్ ద్రావణంలో కరిగించి, పిరిడిన్ చుక్కలు వేసి ఒక పొడిని తయారు చేశాము. దొంగనోట్లు గుర్తించే అతినీలలోహిత టార్చి వేస్తే అది పసుపుపచ్చగా వెలిగింది. పశువుల దవాఖానలో కృత్రిమ గర్భధారణ సూదుల కోసం నిల్వ ఉంచే ద్రవ నత్రజనిని బతిమాలి తెచ్చుకొని పోయగా పొడి మొత్తం వెలుగు నీలంగా మారింది. వేడెక్కుతున్న కొద్దీ పసుపు అంచుల నుండి లోపలికి పాకుతూ తిరిగివచ్చింది. నేను మాత్రం రికార్డులో "విఘటనం" (పదార్థం విడిపోవడం) అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

విఘటనమైతే రంగు తిరిగిరాదు కదా! ఆ పొడి ఒక్కో అణువులో నాలుగు రాగి పరమాణువులు ఒకదానికొకటి సుమారు 2.7 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ఉంటాయి. కాంతిని గ్రహించాక అవి మరింత దగ్గరికి జరిగిన స్థితి నుండి పసుపు వస్తుంది. ద్రవ నత్రజని చల్లదనంలో, అంటే మైనస్ 196 డిగ్రీల వద్ద, ఆ స్థితికి చేరే చిన్న అడ్డంకిని దాటే శక్తి లేక, ఆవేశం పిరిడిన్ వైపు కదిలిన మరో స్థితి నుండే నీలం వెలువడుతుంది.

ఆ రాగి పరమాణువులను అయొడైడ్‌లే కలిపి ఉంచుతున్నాయి కదా అని మీరు అభ్యంతరం చెప్పవచ్చు, అది న్యాయమే. అందుకే వేర్వేరు అణువుల మధ్య జరిగే సంగతి చూడండి. జపాన్ పరిశోధకులు 2008లో ప్రకటించిన ఒక బంగారు సంక్లిష్టం నీలంగా వెలుగుతుంది. నూరితే పసుపు, డైక్లోరోమీథేన్ తగిలితే మళ్లీ నీలం. నూరినప్పుడు పక్కపక్క అణువుల బంగారు పరమాణువులు ఒకదానికొకటి చేరువవుతాయి. ఈ ఆకర్షణ బలం హైడ్రోజన్ బంధమంత ఉంటుంది. చదునైన ప్లాటినం సంక్లిష్టాలు జొన్నరొట్టెల దొంతరలా పేరుకొని, ప్లాటినంల మధ్య దూరం 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే తగ్గితే, వాటి ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే ప్రాంతాలు) ఒకదానిపై ఒకటి అతిపాతం చెంది నిండిన శక్తిస్థాయి పైకి లేస్తుంది; లైగాండ్ (లోహానికి అతుక్కున్న అణువు) ఖాళీ స్థాయికి అంతరం తగ్గి, వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది.

కాబట్టి మీ పొడి రంగు మారితే వెంటనే పారేయకండి. కొంత కరిగించి, అణువు నిర్మాణాన్ని చూపే ఎన్‌ఎంఆర్ పరీక్ష తీయించండి. అది మారకపోతే అణువు చెక్కుచెదరలేదన్నమాట; అప్పుడు నూరకముందూ నూరిన తరువాతా, అణువుల అమరికను చూపే పొడి ఎక్స్‌రే వివర్తనం పోల్చి చూడండి.