రక్షణ గురించి రాసే తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

‘విశ్వాసి రక్షణ పోగొట్టుకోగలడా?’ అన్న నీ వ్యాసం చదివాను. పోగొట్టుకోలేడనడానికి ఒకవైపు యోహాను 10:28, రోమా 8:38-39. పోగొట్టుకోగలడనడానికి ఇంకోవైపు హెబ్రీ 6:4-6, 2 పేతురు 2:20. రెండు వరుసలు పేర్చి, పొడుగు వరుసకే గెలుపు ఇచ్చేశావు. ఆ పద్ధతి మానెయ్. రెండు పక్షాలవాళ్లకూ ఆ రెండు వరుసలూ కంఠతా వచ్చు.

తేడా వచ్చేది ఒక మనిషి దగ్గర. బాప్తిస్మం పొంది, ఏళ్ల తరబడి ప్రభువు బల్లలో పాలుపొంది, ఆ తర్వాత క్రీస్తునే కాదని వెళ్లిపోయినవాడు. వ్యాసం అతనితో మొదలుపెట్టు. సంఘ సంస్కర్త కాల్విన్ బాటవాళ్లు 1 యోహాను 2:19 చూపించి, అతను మొదటినుంచీ మనవాడు కాడంటారు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ బాటవాళ్లు, నిజంగా మనవాడే, విశ్వాసం విడిచి పోగొట్టుకున్నాడంటారు. అతనికి ఇప్పుడు మారుమనస్సు కావాలన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. ఇది రాయకపోతే పాఠకుడికి గొడవ మాత్రమే కనిపిస్తుంది.

‘ఉజ్జీవ సభలో ఒకసారి చెయ్యెత్తాడు, ఇక ఎలా బతికినా పరలోకమే’ అన్న మాటను మాత్రం కాల్విన్‌కు అంటగట్టకు. 1618-19లో నెదర్లాండ్స్‌లో కాల్విన్ బాట సంఘాలు జరిపిన డోర్ట్ సభ చెప్పింది వేరు: విశ్వాసులు దావీదులా, పేతురులా ఘోరంగా పడిపోవచ్చు, కొంతకాలం కృపానుభవాన్ని కూడా పోగొట్టుకోవచ్చు, అయితే దేవుడు వాళ్లను పూర్తిగా విడిచిపెట్టక పశ్చాత్తాపానికి తిరిగి తెస్తాడు. అలాగే కాల్విన్ బాటవాళ్ల బోధను ప్రశ్నించిన డచ్ వేదాంతి ఆర్మీనియస్ రక్షణ పోతుందని బోధించాడని ఒక్క ముక్కలో తేల్చకు. ఆయన 1609లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన అనుచరులు రాసిన ఐదు అంశాల్లో చివరిది ఈ ప్రశ్నను తేల్చకుండా, లేఖనాలను ఇంకా పరిశోధించాలనే చెప్పింది.

లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు (వాళ్ల విశ్వాస ప్రకటన), ఒకసారి నీతిమంతులైనవాళ్లు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరనే బోధను ఖండిస్తుంది. గుంటూరు, రాజమండ్రి లూథరన్ కుటుంబాలకూ ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టు కుటుంబాలకూ మధ్య పెళ్లిళ్లు జరుగుతూనే ఉంటాయి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనైతే వెస్లీ బాటలోని మెథడిస్టులూ కాల్విన్ బాటలోని ప్రెస్బిటేరియన్లూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. నీ పాఠకుల ఇళ్లలోనే ఈ రెండు బోధలూ ఉన్నాయి, ఎవరినీ వెక్కిరించకు.

నీ వ్యాసంలో సగం హెబ్రీ పత్రికకు ఇవ్వు. ఎక్కువ గాయాలు చేసేది ఆ భాగమే. ఆ పాఠకులు ఎవరో 10:32-34 చెబుతుంది: నిందలు పడ్డారు, ఆస్తి దోచుకోబడ్డా ఓర్చుకున్నారు. ఇప్పుడు అలిసిపోయి వెనక్కి చూస్తున్నారు. హెచ్చరిక వాళ్లకు. అది నిజమైన హెచ్చరిక, దాని పదును తగ్గించకు. 10:26లోని ‘బుద్ధిపూర్వకముగా’ అన్న మాట చూసి, కోపానికో తాగుడుకో లొంగిపోయి ఏడుస్తున్న విశ్వాసి అది తనమీదే రాశారనుకుంటాడు. ఆ పాపం ఎలాంటిదో మూడు వచనాల తర్వాతే ఉంది: దేవుని కుమారుణ్ణి తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రంగా ఎంచడం. 6:4-6 రాసినప్పుడు 6:9 కూడా తప్పకుండా రాయి. అక్కడ రచయిత వాళ్లను ‘ప్రియులారా’ అని పిలిచి, మీ విషయంలో మంచివే నమ్ముతున్నామంటాడు. ఇంకో సంగతి: ప్రతి వారం రక్షణ పోయి, ప్రతి ఆదివారం మళ్లీ వస్తుందనే బోధకు 6:4-6 ఆధారం కాదు. అలా తప్పిపోయినవాళ్లను మారుమనస్సుకు తిరిగి తేవడం అసాధ్యమనే కదా అది అనేది. పడిపోయిన సహోదరుణ్ణి లేవనెత్తే వచనాలు గలతీ 6:1, యాకోబు 5:19-20.

యోహాను 10:28 కూడా ఒంటరిగా రాకూడదు. 27లో గొఱ్ఱెలు స్వరం వింటాయి, వెంబడిస్తాయి. వెంబడించనివాడికి 28ని చేతికిస్తే మత్తుమందు ఇచ్చినట్టే.

నేను డోర్ట్ వైపే నిలబడతాను. పేతురు నిలిచింది తన పట్టుదలవల్ల కాదు, లూకా 22:32లో ప్రభువు చేసిన ప్రార్థనవల్ల. నీ అభిప్రాయం వేరైతే దాచకు, కానీ అది చివరి పేరాలోనే రావాలి. అచ్చుకు ఇచ్చేముందు అవతలి పక్షం పాస్టరుగారు ఒకరికి చదివి వినిపించు. వాళ్ల బోధను చెప్పిన పేరా దగ్గర ఆయన ‘మేం నమ్మేది ఇదే’ అనేదాకా దిద్దు. అప్పుడు నాకు పంపు.