రెండొందల చోట్ల అప్లై చేసినా ఒక్క ఇంటర్వ్యూ కాల్ రాలేదు, రెజ్యూమేలో ఏం తప్పు?

"2024 బీటెక్, మారతహళ్ళి పీజీలో ఉంటున్నా, నాలుగు నెలల నుంచి టెస్టింగ్ జాబ్స్‌కి అప్లై చేస్తున్నా, ఒక్కరూ పిలవట్లేదు" అని రాశావు కదా తమ్ముడూ, చదువుతుంటే నా కథే ఇంకెవరో టైప్ చేసినట్టుంది. నేను ప్రొద్దుటూరు నుంచి ఒక బ్యాగు, పదిహేను రెజ్యూమే జిరాక్సులు పట్టుకుని మడివాళలో బస్సు దిగింది 2015లో. ఇప్పుడు మా టీమ్‌లోకి ఎవరినైనా తీసుకోవాలంటే వచ్చిన రెజ్యూమేలు వడగట్టే పని నా నెత్తిన పడింది, కాబట్టి రెండు వైపుల నుంచీ చూసి చెప్తున్నా.

ముందు నీ ఫోన్ నంబర్ చూసుకో. నవ్వకు. బెంగళూరు వచ్చాక నేను కొత్త సిమ్ తీసుకున్నా, రెజ్యూమేలో మాత్రం ఊరి నంబరే ఉంది, దానికి రీఛార్జ్ చెయ్యక ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది, నేనేమో మూడు వారాలు కాల్స్ రావట్లేదని దేవుణ్ణి తిట్టుకున్నా. మెయిల్ ఐడీ కూడా అంతే, ఇంటర్‌లో హీరో పేరు కలిపి పెట్టుకున్నది ఉంటే దాన్ని సినిమాలకి వాడుకో, ఉద్యోగాలకి ఇంకోటి చేసుకో.

నా మొదటి రెజ్యూమే మూడు పేజీలు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని సీనియర్ దగ్గర కాపీ కొట్టిన నాలుగు లైన్లు, కింద నాన్న పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి అయిందా లేదా, పాస్‌పోర్ట్ నంబర్, హాబీలు క్రికెట్, పాటలు వినడం, చివర్లో "పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని ఒక సంతకం, కోర్టులో అఫిడవిట్ ఇచ్చినట్టు. ప్రైవేట్ జాబ్స్‌కి ఇవేవీ అక్కర్లేదు, పాస్‌పోర్ట్ నంబర్ అయితే అసలు పెట్టొద్దు, ఎవడి చేతికి పోతుందో తెలీదు. అడ్రస్ కూడా డోర్ నంబర్‌తో సహా వద్దు, "మారతహళ్ళి, బెంగళూరు" చాలు, ఊళ్ళోనే ఉన్నావని తెలిస్తే రేపు రమ్మన్నా వస్తావని వాళ్ళకి ధైర్యం. ఫ్రెషర్‌కి ఒక్క పేజీ దాటకూడదు. అమెరికాలో లాడర్స్ అనే జాబ్ సైట్ 2018లో రిక్రూటర్ల కళ్ళు ఎటు తిరుగుతున్నాయో పరీక్ష పెట్టి చూస్తే ఒక రెజ్యూమే మీద మొదటి చూపు సగటున 7.4 సెకన్లు అని తేలింది. శుక్రవారం సాయంత్రం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ తల్చుకుంటూ నేను చూసే చూపు అంత కూడా ఉండదు, నిజం చెప్తున్నా.

ఆ చూపు కన్నా ముందు ఇంకో గండం ఉంది. చాలా కంపెనీల్లో ముందు సాఫ్ట్‌వేరే నీ ఫైల్ చదువుతుంది, దాన్నే ఏటీఎస్ అంటారు. మనవాళ్ళు క్యాన్వాలో రెండు కాలమ్‌ల టెంప్లేట్ తీసుకుని ఫొటో పెట్టి, జావాకి ఐదులో నాలుగు చుక్కలు, ఇంగ్లిష్‌కి మూడు చుక్కలు అని డిజైన్ చేస్తారు. ఆ చుక్కల్లో సాఫ్ట్‌వేర్‌కి అర్థమయ్యేది ఏమీ ఉండదు, ఒక్కోసారి ఎడమ కాలమ్‌లో లైను కుడి కాలమ్‌లో లైనుతో కలిసిపోయి కిచిడీ అవుతుంది. నీది ఎలా ఉందో తెలుసుకోవాలంటే పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి, అక్కడ నీకే అర్థం కాకపోతే మెషీన్‌కీ కాదు. ఇంకొకటి, జాబ్ డిస్క్రిప్షన్‌లో "సెలీనియం విత్ జావా" (సెలీనియం అంటే టెస్టింగ్ ఆటోమేట్ చేసే టూల్) అని ఉంటే, నీకు అది వస్తే, అవే మాటలు వాడు, "ఆటోమేషన్ టూల్స్" అని గొప్పగా రాస్తే వెతికేవాళ్ళకి దొరకవు. తెల్ల అక్షరాలతో కీవర్డ్స్ దాచిపెట్టమని ఎవడో రీల్‌లో చెప్తాడు, అది చెయ్యకు, టెక్స్ట్ బయటికి తీసినప్పుడు అంతా కనిపిస్తుంది, పరువు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా మొదటి జాబ్ ప్రొడక్షన్ సపోర్ట్, రెండేళ్ళ తర్వాత మారదామని రెజ్యూమేలో "అప్లికేషన్ మానిటరింగ్ బాధ్యతలు" అని రాసుకున్నా. పీజీలో నా పై బెర్త్‌లో ఉండే ఒకాయన అది చూసి "నువ్వు రోజూ పొద్దున్నే ఆఫీసుకి పోయి ఏం చేస్తావ్‌రా" అనడిగాడు. సర్వర్ లాగ్స్ ఒక్కొక్కటి తెరిచి చూసేవాణ్ణి అన్నా, రెండు గంటలు పట్టేది, విసుగొచ్చి ఆ పని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రామ్, షెల్ స్క్రిప్ట్ అంటారు, ఒకటి రాశా, ఇప్పుడు పావుగంట అన్నా. "మరి అది రాయవేం" అన్నాడు. అంతే, ఆ ఒక్క లైను మార్చాక వెళ్ళిన ప్రతి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ స్క్రిప్ట్ గురించే, దాని గురించి అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తా నేను. గూగుల్‌లో హెచ్ఆర్ హెడ్‌గా చేసిన లాస్లో బాక్ చెప్పే ఫార్ములా కూడా ఇదే, ఏం సాధించావు, ఏ అంకెతో కొలిచావు, ఎలా చేశావు, మూడూ ఒకే లైన్లో. అదే రెజ్యూమేలో లైను నిండుతుందని జెంకిన్స్ అనే టూల్ పేరు కూడా పెట్టా, ఒకాయన దాని మీద రెండో ప్రశ్న వేసేసరికి నీళ్ళు నమిలా. అప్పట్నుంచి నాకు రెజ్యూమే అంటే ఇంటర్వ్యూ వాళ్ళకి మనమే రాసిచ్చే క్వశ్చన్ పేపర్. నీకు ఏ ప్రశ్న పడాలనుందో అదే రాయి.

ఫ్రెషర్‌ని, నాకేముంది అంటావు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ మాత్రం వద్దు నాయనా, నా దగ్గరికి వచ్చే ఫ్రెషర్ రెజ్యూమేల్లో సగం వాటిలో కాలేజీ ప్రాజెక్ట్ అదే, కొన్నది ఎవరో చేసింది ఎవరో రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. టెస్టింగ్ కావాలన్నావు కదా, నువ్వు రోజూ వాడే ఏదో ఒక యాప్ తీసుకుని, పేమెంట్ మధ్యలో నెట్ పోతే ఏమవుతుంది, ఎక్స్‌పైర్ అయిన కూపన్ పెడితే ఏమవుతుంది, ఇలా ఒక నలభై టెస్ట్ కేసులు రాసి, దొరికిన బగ్స్ స్క్రీన్‌షాట్లతో రిపోర్ట్ చేసి గిట్‌హబ్‌లో పెట్టు, ఆ లింకు ప్రాజెక్ట్స్‌లో మొదటి లైనుగా వెయ్యి. పోయినేడు ఒకమ్మాయి వాళ్ళ నాన్న ఎరువుల షాపు అప్పుల లెక్కకి ఎక్సెల్ షీటు చేసి అదే రాసింది, అందరం ఆ షీటు గురించే అరగంట మాట్లాడాం, తీసుకున్నాం.

చాట్‌జీపీటీతో ఇంగ్లిష్ సరిచేయించుకో, తప్పు లేదు, కానీ మొత్తం దానిచేతే రాయిస్తే అందరివీ ఒకేలా ఉంటాయి. నాలుగు నెలల ఫ్రెషర్ టీమ్‌ని "స్పియర్‌హెడ్" చేశాడట, అంటే ముందుండి నడిపించాడట, నవ్వాలా ఏడవాలా.

మారతహళ్ళిలో ఉన్నావంటే రెండేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని కన్సల్టెన్సీ వాళ్ళు ఈపాటికి పట్టుకునే ఉంటారు. మా రూమ్మేట్ ఒకడు అలాగే ఒక కంపెనీలో చేరి, ఐదో నెల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ హిస్టరీ అడిగితే చూపించడానికి ఏమీ లేక ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ ఇచ్చేసి వచ్చాడు. కన్సల్టెన్సీకి కట్టిన డబ్బులు కూడా పోయాయి. గ్యాప్ ఉంటే గ్యాప్ అనే చెప్పు, ఆ టైమ్‌లో ఏం నేర్చుకున్నావో పక్కన రాయి.

నౌక్రీలో రెజ్యూమే అప్‌లోడ్ చేసి వదిలెయ్యకు, అక్కడ రిక్రూటర్లు ఈమధ్య యాక్టివ్‌గా ఉన్న ప్రొఫైల్స్ ఫిల్టర్ పెట్టి వెతుకుతారు, అందుకే రెండు మూడు రోజులకోసారి లాగిన్ అయి హెడ్‌లైన్‌లోనో స్కిల్స్‌లోనో ఏదో ఒకటి సరిచేస్తూ ఉండు. ఫైల్ పేరు "ఫైనల్ ఫైనల్ 3" కాకుండా నీ పేరు, టెస్టింగ్ అని పెట్టు. మార్చాక ఇక్కడ పెడితే ఆదివారం చూసి చెప్తా, నంబర్, మెయిల్ మాత్రం తీసేసి పెట్టు.