పెట్టె మూత జోలికి పోకు బిడ్డా

బిడ్డా,

నువ్వు బత్తాయి తోటల తేనెటీగల పెట్టె పెడ్తున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. ఇన్నంక మస్తు సంతోషమైంది, మా ఇంట్ల నా తర్వాత ఇంకో ఆడపిల్ల ఈగలు పడ్తదని నలుగురికి చెప్పుకున్న గూడ. రాత్రి మాత్రం నిద్ర పట్టలే. ఎందుకంటే నువ్వు మీ నాయిన బిడ్డవు.

అందరు చెప్పేటియి గబగబ చెప్పేస్త. పెట్టె నీడల పెట్టు, ఈగలు వచ్చిపోయే గేటు తూర్పుకుండాలె, మనుషులు నడిచే బాట దిక్కు వద్దు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు, చీమలెక్కవు. పెట్టెను పొద్దుగూకినంకనే కదిలియ్యాలె, పగటిపూటైతే మేతకు పోయిన ఈగలు అక్కడనే ఆగమైతయ్. పెట్టినంక జాగ మార్చుడు వద్దు, తప్పదంటే రోజుకు 3 అడుగులు, లేదంటే ఒకటేసారి 3 కిలోమీటర్ల అవతలికి. చక్కెర, నీళ్లు 1:1 కలిపి మాపటీలి లోపలనే పెట్టు, బయట చుక్క పడ్డా వేరే ఈగలు దోపిడీకొస్తయ్.

ఇగ అసలు సంగతి. పాకం పెట్టేటప్పుడు తప్ప వారం దాక మూత తియ్యకు. నువ్వు కొన్నవి మన నాటు పుట్ట తేనె ఈగలు, ఇటాలియన్ జాతియి కావు. ఇటాలియన్‌వి జర ఓర్చుకుంటయ్, ఇవి మనసిరిగితే ఇల్లే ఇడ్సి పోతయ్.

మీ నాయిన కథ నీకెవరు చెప్పి ఉండరు. నీకన్న చిన్న వయసుల చింతచెట్టు తొర్రలకెళ్లి తుట్టె తీసుకొచ్చి, ముక్కలు కోసి, పెట్టెల ఉండే చెక్క ఫ్రేములకు అరటినారతోని కట్టి, రాణిని గూడ పట్టి పెట్టెల ఏసిండు. పనికి వంక పెట్టనీకి లేకుండె. కని మా తమ్మునికి ఎవరన్న చూస్తెనే పని చేసినట్టు. పాలాయన వస్తే మూత తీసుడు, బడి సారు వస్తే తీసుడు, మాపటీలి దోస్తులకు రాణిని చూపెడ్తనని ఫ్రేములన్ని లేపుడు. కొత్తగ కాపురానికొచ్చిన పిల్లను గంటకోపారి వాకిట్లకు పిలిచి చూపెట్టినట్టుండె. లోపల పిల్లలున్న కాడ ఎప్పటికి 34, 35 డిగ్రీలుండాలె, మూత తీసినప్పుడల్ల అది చెడ్తది, ఈగలు ఉన్న పని బందువెట్టి మళ్ల దాన్నే సర్దుకోవాలె. కట్టిన తుట్టె అతుక్కోనేలే, రాణి గుడ్లు పెట్టుడు ఆపేసింది. పాకం మంచిగ తాగుతున్నయక్కా అని మీ నాయిన ఖుషీ, అవి పయనానికి కడుపు నింపుకుంటున్నయని ఎవనికి తెల్సు. ఓ పగటీలి ఒక్కటే మోతతోని లేసి చెరువు దిక్కు పోయినయ్. మీ నాయిన చెప్పుల్లేకుంట తుమ్మముండ్ల మీదికెళ్లి ఎనక ఉరికిండు. మాపటికి కుంటుకుంట వచ్చి ఖాళీ పెట్టె కాడ కూసున్నడు, బువ్వ తినలే. ఎక్కిరిద్దామనే పోయిన, మొకం చూసి ఏమనబుద్ధి గాలే, దీపం ముందట పెట్టుకోని కాళ్ల ముండ్లు తీసిన. ఇప్పుడడిగినా చీమలు పట్టినయనే అంటడు, నువ్వు నమ్మకు.

చూడబుద్ధైతే గేటుకు పక్కన కూసోని చూడు, ఎదురుంగ కాదు. కాళ్లకు పచ్చటి పుప్పొడి ముద్దలతోని లోపలికి పోతున్నయంటే లోపల పిల్లలకు మేత పోతున్నట్టే. వారం తర్వాత ఎండ మెత్తగున్నప్పుడు జర పొగ పట్టి ఒక్కపారి తియ్, రాణిని దేవులాడుకుంట కూసోకు, అరలల్ల గదికొక తెల్ల గుడ్డు కనపడ్తే మూసెయ్. గేటుకు క్వీన్ గేటు అనే జాలి పెట్టిస్తరు, మంచిదే, రాణిని బయటికి పోకుంట ఆపుతది. గుడ్లు కనపడ్డంక మాత్రం తీసెయ్, అది ఉంటే మగ ఈగలు గూడ బయటికి పోలేవు.

సంక్రాంతి ముందట తెస్తున్నవ్, టైం మంచిదే, జనవరి ఫిబ్రవరిల బత్తాయి పూత దొరుకుతది. కని పక్క తోటోళ్లతోని ఇప్పుడే మాట్లాడు. పూత మీద మందు కొట్టొద్దను, తప్పదంటే పొద్దుగూకినంక కొట్టమను, ముందురోజే చెప్పమను. మోనో (మోనోక్రోటోఫాస్ పురుగుల మందు) అంటే నాకు గుండె దడ, పొద్దుగాల గేటు ముందట కుప్పలు కుప్పలు సచ్చి పడ్తయ్ బిడ్డా, చూడలేవు. పూత అయిపోయినంక పాకం ఆపకు, ఆకలికి కల్లు లొట్లకు పోయి అండ్ల మునిగి సస్తయ్. ఏప్రిల్ నుంచి మూత మీద తడి గోనెసంచి ఎయ్, పక్కన తాంబాలంల గులకరాళ్లేసి నీళ్లు పొయ్. మన ఎండకు మైనం మెత్తబడి తుట్టె తెగి పడ్తది.

కుడితే రుద్దకు, ఎంటనే గోరుతోని గీకెయ్, ముల్లుకున్న సంచిల విషం ఇంక దిగుతనే ఉంటది. గొంతు వాసినా, దమ్మాడకున్నా సున్నం పూసుకుంట కూసోవద్దు, సీదా నల్లగొండ పెద్దాసుపత్రికి పోవాలె. అందుకే మొదటిపారి ఒక్కదానివి తియ్యకు, బండి నడపొచ్చేటోళ్లను ఎంబడి పెట్టుకో, మీ నాయినైనా సరే.

పొగ పట్టే స్మోకర్ కొనకు, నా దగ్గర ఇంకోటున్నది, ఆర్టీసీ కార్గోల పంపుత. పిడక ముక్కలు, గోనె పీలికలు ఎయ్, ప్లాస్టిక్ సంచి పీలికలు ఎయ్యకు. డ్రెస్సు మాత్రం నీ కొలతకు కొనుక్కో, నాది నీకు మస్తు లూజైతది, సందులకెళ్లి ఈగ దూరుతది.

మీ అత్తమ్మ