ఆరు పెట్టల ఖర్చు, మూడు లక్షల డిపాజిట్

ప్రశ్న: మాది అల్వాల్‌లో పాత సొంత ఇల్లు. పెరట్లో రెండేళ్లుగా ఆరు పెట్టల్ని పెంచుకుంటున్నాను. మూడు నాటువి, మూడు వనరాజా రకం. గూటికి అప్పట్లో 9 వేలయింది. ఒక్కదాన్నీ కోసింది లేదు, కోయబోము కూడా. మావారి జీతం 62 వేలు. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుతో కలిపి నెలకు 48 వేలు ఖర్చవుతాయి. 'గుడ్ల కంటే దాణాకే ఎక్కువ పోస్తున్నావు' అంటారు మావారు. మేడ మీద షెడ్డు వేసి యాభై గ్రామప్రియ కోళ్లు పెడితే నాకంటూ ఒక సంపాదన ఉంటుందని ఆశ. లక్షన్నర కావాలి. మాకున్న మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో సగం తీయవచ్చా? గుడ్ల లెక్క రాసుకున్న పుస్తకం ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మీ పుస్తకం రెండుసార్లు చదివానమ్మా. ఒక పేజీలో చుక్క అనే మీ పెట్ట గురించి ఇలా రాశారు: 'మే 9. గుడ్లు లేవు. చుక్క రెక్కలు విప్పుకుని నోరు తెరిచి రొప్పుతోంది. మూకుడులో నీళ్లు మూడుసార్లు మార్చాను.' ఫిబ్రవరిలో 58 గుడ్లు వచ్చాయి, మేలో 21. హైదరాబాద్ ఎండలకు ఇది మామూలే. వేడికి కోడి మేత తగ్గిస్తుంది, పెంకు పలచబడుతుంది, గుడ్డు పెట్టడం మానేస్తుంది. ఆరు పెట్టలకైనా యాభై పెట్టలకైనా మే నెల ఒకటే.

ఏడాదికి 486 గుడ్లు. ఒక్క రోజు కూడా లెక్క తప్పలేదు. దాణా కొన్న సంగతి మాత్రం పన్నెండు నెలల్లో నాలుగుచోట్లే కనిపించింది. వచ్చింది రోజూ రాసి, పోయింది గుర్తొచ్చినప్పుడు రాయడం చిన్న వ్యాపారాలు చేసేవాళ్లలో నేను తరచూ చూసే అలవాటు. ఆ ఖాళీలు మనమే పూరిద్దాం.

పెట్ట రోజుకు వంద నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఆరింటికి నెలకు ఇరవై కిలోలు. అందులో మూడో వంతుకు కాస్త తక్కువ మీ వంటింటి అన్నం, కూరగాయల తొక్కలు, పెరట్లో పురుగుల వల్ల గడుస్తోందనుకుందాం. కొనాల్సింది 14 కిలోలు. మీరు రాసిన ధర కిలో 38 రూపాయలు, అంటే 532. పెంకు గట్టిపడటానికి గుల్లల పొడి, కడుపులో పురుగులకు నట్టల మందు, టీకాలు, గూట్లో పరిచే ఊక కలిపి మరో 150. మొత్తం 682.

ఇక రాబడి. చివరి పేజీలో గుడ్డుకు 15 రూపాయలు కట్టి 7,290 అని కూడారు. కోళ్లు లేకపోతే మీరు నాటుగుడ్లు కొనేవారా? వీధి కొట్లో ఏడు రూపాయల ఫారం గుడ్డే కొనేవారని మీ పుస్తకంలోనే ఉంది. కొనకుండా మిగిలిన డబ్బే మీ రాబడి: ఏడాదికి 3,402, నెలకు 283. ఖర్చులోంచి తీసేస్తే చేతి నుంచి పడుతున్నది నెలకు 400. గూటి ఖర్చును ఆరేళ్లకు సర్దితే మరో 125. మీవారు చెప్పింది నిజమే. అయితే నెలకు 14 వేలు మిగిలే ఇంటికి 525 రూపాయలు బరువు కాదు. పొద్దున్నే గూడు తలుపు తీయగానే కాళ్ల చుట్టూ చేరే ఆరు ప్రాణాల కోసం పెడుతున్న ఖర్చు అది. ఇంటి బడ్జెట్‌లో దానికో వరుస కేటాయించండి, దాచుకోకుండా రాయండి. ఆదాయం వరుసలో మాత్రం వేయకండి.

యాభై కోళ్ల సంగతికి వస్తాను. వనరాజా, గ్రామప్రియ రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని రూపొందించినవే, మంచి రకాలు. ఏడాదికి 150 గుడ్ల చొప్పున వేద్దాం. నెలకు 625 గుడ్లు. పన్నెండు రూపాయలకు అన్నీ అమ్ముడయ్యాయనుకున్నా 7,500. మేడ మీద పురుగూ పుట్రా దొరకవు, మేత అంతా కొనాల్సిందే: 165 కిలోలు, 6,270 రూపాయలు. మిగిలింది 1,230. మందులు, ఊక, కరెంటు, పగిలిన గుడ్లు, చనిపోయిన కోళ్లకు 800 తీసేయండి. చేతిలో 430. అదే లక్షన్నర ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో కదలకుండా ఉంటే నెలకు 812 వస్తుంది.

పైగా కోడిపిల్లలను తెచ్చిన అయిదు నెలల వరకు గుడ్డే రాదు. అప్పటికే ఒక్కొక్కటి ఏడెనిమిది కిలోల మేత తినేస్తుంది. రోజుకు అయిదు కిలోల పెంట పోగవుతుంది. జూలై ముసురులో మేడ మీద ఆ వాసన పక్కింటివాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటారు?

వీటన్నిటికంటే నన్ను ఆపింది మీ ఉత్తరంలోని ఒక్క మాట: 'కోయబోము.' కోళ్లఫారం వాళ్లు ఏడాదిన్నర దాటగానే గుడ్లు తగ్గిన కోళ్లను మాంసానికి అమ్మేసి కొత్త పిల్లలను దింపుకుంటారు. ఆ వ్యాపారం నిలబడేది అక్కడే. కోడి ఆరేడేళ్లు బతుకుతుంది, బాగా పెట్టేది మొదటి రెండేళ్లే. మూడో ఏడు మీ యాభై పెట్టలకు మేత తగ్గదు, గుడ్లు బాగా తగ్గుతాయి. చుక్కను అమ్మలేని మీరు వాటిని అమ్మగలరా? అమ్మలేరనే అనుకుంటున్నాను. ఆ గుణం మార్చుకోమని నేనెప్పుడూ చెప్పను. ఆ గుణం మీద లక్షన్నర పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆ డిపాజిట్ మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు. జీతం ఒక్కటే ఉన్న ఇంట్లో, చదువు నడుస్తుండగా, దాన్ని ముట్టుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే మన నగరంలో కూడా జనం కోడి మాంసానికి వెనకాడారు. అలాంటి నెలలో దాణా బస్తాకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

మీకంటూ ఒక సంపాదన కావాలన్నది చిన్న కోరికని నేననను. దాన్ని చిన్నగా మొదలుపెట్టమంటాను. నెల మిగులు నుంచి, 10 వేలు దాటకుండా, మరో నాలుగు పెట్టలు, గూటికి చిన్న పొడిగింపు. అది కూడా ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు నెల గుడ్లకు ముందుగా డబ్బు చేతిలో పెట్టాకే. 'తీసుకుంటాంలే' అన్న మాటను లెక్కలో వేయకండి. వచ్చిన ప్రతి రూపాయీ మీ పేరున వేరే ఖాతాలో పడాలి.

ఇప్పుడున్న ఆరింటికి నెలకు 300 చొప్పున రికరింగ్ డిపాజిట్ తెరవండి. చుక్కకు గుడ్డు అడ్డుపడి రాత్రిపూట డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సి వస్తే, లేదా అన్నీ పెట్టడం మానేశాక మేత కొనాల్సి వస్తే, ఈ డబ్బు ఉంటుంది. కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే కోళ్ల అంటువ్యాధి) టీకా ఎప్పుడు వేయించారో పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు. ఈ వారమే పశువైద్యశాలలో అడగండి. అది పెరట్లోకి వస్తే మందలో మిగిలేవి చాలా తక్కువ.

పుస్తకంలో ప్రతి పేజీకీ కుడివైపున ఖర్చుకు ఒక గడి గీయండి. వచ్చే ఫిబ్రవరికి రెండు గడులూ నింపి పంపితే, కొత్తగా తెచ్చిన నాలుగు పెట్టలు పది కావచ్చా అన్నది అప్పుడు చూద్దాం.